మ్యాపు చూడకుండా భారతదేశాన్ని గీయడం ఎలా?

“రాష్ట్రాలు, రాజధానులు, నదులు ఎన్నిసార్లు చదివినా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఏం చేయమంటారు?” గ్రూప్స్‌కు చదివేవాళ్లు అడుగుతారు, పదో తరగతి పిల్లల అమ్మానాన్నలు అడుగుతారు, బయటి దేశాల్లో ఉండి పిల్లలకు మన దేశం గురించి చెప్పాలనుకునేవాళ్లూ అడుగుతారు. అందరికీ ఒకటే చెబుతాను: జాబితా పక్కన పెట్టి పెన్సిల్ తీయండి. తెల్ల కాగితం మీద దేశాన్ని మీ చేత్తో గీయగలిగితే పేర్లు వాటంతట అవే నిలుస్తాయి. గీసేటప్పుడు కూడా రాష్ట్రాల హద్దులతో మొదలుపెట్టొద్దు. హద్దులు మారుతుంటాయి, 2014లో మారాయి, 2019లో మళ్లీ మారాయి. కొండలు, నదులు ఉన్నచోటే ఉంటాయి. ముందు వాటిని కాగితం మీదికి ఎక్కిస్తే రాష్ట్రాలకు చోటు దొరుకుతుంది.

కావలసినవి

- ఏ4 తెల్ల కాగితాలు, పెన్సిల్, రబ్బరు, అడుగు స్కేలు
- నీలం, గోధుమ రంగు పెన్సిళ్లు
- ఈమధ్య అచ్చయిన స్కూలు అట్లాస్
- స్టేషనరీ షాపులో మ్యాప్ పాయింటింగ్ కోసం అమ్మే ఇండియా అవుట్‌లైన్ మ్యాపులు కొన్ని
- ఫోను

అట్లాస్ కొనేముందు షాపులోనే ఒక పేజీ తిప్పి చూడండి. జమ్మూ కశ్మీర్, లద్దాఖ్ వేర్వేరు కేంద్రపాలిత ప్రాంతాలుగా ఉండాలి (2019 అక్టోబర్ 31 నుంచి). దాద్రా నగర్ హవేలీ, దమన్ దీవ్ కలిసి ఒకటిగా ఉండాలి (2020 జనవరి 26 నుంచి). అప్పుడే 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాల లెక్క సరిపోతుంది. మన జిల్లాల మ్యాపుల్లో అయితే ఇంకా జాగ్రత్త. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు పెద్ద ఎత్తున మారాయి. ఇంట్లో ఉన్న పాత గోడ మ్యాపు నదులకూ కొండలకూ పనికొస్తుంది, జిల్లాలకు పనికిరాదు.

1. మీ వీధి వాన నీరు ఏ సముద్రానికి పోతుందో కనుక్కోండి

కాగితం మీద గీత గీయకముందే చేయాల్సిన పని ఇది. మీ ఇంటి ముందు పడ్డ వాన ఏ కాలువలోకి, ఏ వాగులోకి, ఏ నదిలోకి వెళ్లి ఎక్కడ సముద్రంలో కలుస్తుంది? వరుసగా రాయండి.

హైదరాబాద్‌లో ఎక్కువ భాగం నీరు మూసీలో చేరుతుంది. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. కరీంనగర్ వాళ్ల నీరు మానేరు మీదుగా గోదావరికి, ఖమ్మం వాళ్లది మున్నేరు మీదుగా కృష్ణకు. అనంతపురం, కడప వైపు ఎక్కువగా పెన్నాకు. ఏలూరు వాళ్లది తమ్మిలేరు, కొల్లేరు, ఉప్పుటేరు మీదుగా నేరుగా సముద్రానికి. శ్రీకాకుళం వాళ్లకు నాగావళి, వంశధార ఉన్నాయి. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇది మరీ ఆసక్తికరం. ఆ నగరం ఎత్తైన గట్టు మీద ఉంది కాబట్టి పడమటి వైపు నీరు అర్కావతి ద్వారా కావేరికి, తూర్పు వైపు నీరు దక్షిణ పినాకినికి వెళ్తుంది. ఒకే ఊరిలో పడ్డ వాన రెండు నదుల పాలవుతుంది.

మీకు వాగు పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఫోన్ మ్యాపులో చిన్న వాగుల పేర్లు చాలాచోట్ల ఉండవు, ఊళ్లో పెద్దవాళ్లకు మాత్రం తెలుసు. ఇంకా లోతుగా చూడాలంటే, దేశపు అధికారిక మ్యాపులు తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో 1:50,000 స్కేలు టోపో షీట్లు ఉన్నాయి. రిజిస్టర్ చేసుకుని మీ ప్రాంతం షీటును దించుకోవచ్చు. ఆ షీటులో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. చెరువులు, వాగులు, గుట్టలు అన్నీ కనిపిస్తాయి.

2. గళ్లు గీసి, చుక్కలు పెట్టండి

కాగితం మీద 2.5 సెం.మీ. గళ్లు గీయండి. ఒక్కో గడి 4 డిగ్రీలు. కింది నుంచి పైకి 8, 12, 16, 20, 24, 28, 32, 36 అని అక్షాంశాలు రాయండి. ఎడమ నుంచి కుడికి 68, 72, 76, 80, 84, 88, 92, 96 అని రేఖాంశాలు రాయండి. మన ప్రధాన భూభాగం దక్షిణాన సుమారు 8 డిగ్రీల నుంచి ఉత్తరాన 37 వరకు, పడమట 68 నుంచి తూర్పున 97 వరకు ఉంటుంది. కాబట్టి 36, 96 గీతలు దాటి కాస్త చోటు వదిలితే ప్రధాన భూభాగమంతా ఇందులో పట్టేస్తుంది. నిలువునా ఒక డిగ్రీకి 111 కి.మీ. లెక్కన ఒక సెంటీమీటరు దాదాపు 178 కిలోమీటర్లు.

ఇప్పుడు ఈ చుక్కలు పెట్టండి (మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం):

- కన్యాకుమారి 8, 77½
- చెన్నై 13, 80
- ఒంగోలు 15½, 80
- మచిలీపట్నం 16, 81
- విశాఖపట్నం 17½, 83
- పూరీ 20, 86
- కోల్‌కతా 22½, 88½
- ముంబై 19, 73
- ద్వారక 22, 69
- శ్రీనగర్ 34, 75
- ఢిల్లీ 28½, 77
- గువాహటి 26, 91½
- కిబితూ (అరుణాచల్ తూర్పు కొస) 28, 97

తీరపు చుక్కలను కలపండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. తూర్పు తీరాన్ని కోల్‌కతా నుంచి కన్యాకుమారి వరకు ఒకే వాలుగీతగా గీసేస్తారు. నిజానికి మన కోస్తా ఇచ్ఛాపురం నుంచి కృష్ణా డెల్టా వరకు నైరుతికి వాలుతుంది. బాపట్ల, నిజాంపట్నం దగ్గర మలుపు తిరిగి, ఒంగోలు, నెల్లూరు, చెన్నై మూడూ దాదాపు 80 డిగ్రీల నిలువు గీత మీదికి వచ్చేస్తాయి. ఈ మలుపు సరిగ్గా పడితే మ్యాపు సగం కుదిరినట్టే. పడమటి వైపు గుజరాత్ దగ్గర తొందరపడొద్దు. పైన కచ్ సింధుశాఖ, కింద ఖంభాత్ సింధుశాఖ, ఆ రెంటి మధ్య సముద్రంలోకి ముందుకొచ్చిన సౌరాష్ట్ర. ఈ మూడూ విడివిడిగా కనిపించాలి.

ఒక జాగ్రత్త: గళ్లు చదరంగా గీశాం కాబట్టి మీ బొమ్మ అట్లాస్‌లో ఉన్నదానికన్నా కాస్త అడ్డంగా సాగినట్టుంటుంది. అది తప్పు కాదు. దాన్ని అట్లాస్ మీద పెట్టి పోల్చకండి, ఏ గడిలో ఏముందో చూసి పోల్చండి.

ఉత్తర సరిహద్దును ఊహించి గీయొద్దు. ఈ ఒక్కచోట మాత్రం సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు ముందు పెట్టుకోండి. విదేశాల్లో ఉండి ఫోన్ మ్యాపు తెరిస్తే కశ్మీర్, అరుణాచల్ దగ్గర హద్దులు చుక్కల గీతలుగా కనిపించవచ్చు, అది మనకు ప్రమాణం కాదు. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుతో సరిపోని హద్దులతో దేశపటం ప్రచురించడం మన చట్టం ప్రకారం నేరం కూడా. స్కూలు సావనీర్లలో, పోస్టర్లలో వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

3. రెండు చోట్ల నుంచి నదులు తీయండి

గోధుమ రంగు పెన్సిల్‌తో పడమటి కనుమలను తీరం వెంబడే గీయండి. తపతి నది ముఖద్వారం దగ్గర మొదలై కన్యాకుమారి దాకా గోడలా వస్తాయి, సుమారు 1,600 కిలోమీటర్లు. కేరళలో పాలక్కాడ్ దగ్గర మాత్రం పెద్ద సందు వదలండి. ఆ సందులోంచే కోయంబత్తూరుకు రైళ్లు వెళ్తాయి.

ఆ గీత మీద మూడు నీలం చుక్కలు పెట్టండి. నాసిక్ పక్కన త్ర్యంబకేశ్వర్ గోదావరిది, మహాబలేశ్వర్ కృష్ణది, కొడగులో తలకావేరి కావేరిది. మూడూ అరేబియా సముద్రానికి దగ్గరలో పుట్టి, వెనక్కి తిరిగి తూర్పుకు పోతాయి. గోదావరి పుట్టిన చోటికి ఆ సముద్రం సుమారు 80 కిలోమీటర్లే, అయినా 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికొచ్చి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్కన్ పీఠభూమి పడమట ఎత్తుగా, తూర్పుకు వాలుగా ఉందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తూర్పు కనుమలను మాత్రం ఒకే గీతగా గీయకండి, ముక్కలు ముక్కలుగా గీయండి. నదులు వాటిని కోసేశాయి. పాపికొండల దగ్గర గోదావరి, శ్రీశైలం దగ్గర నల్లమలలో కృష్ణ ఆ కొండలను చీల్చుకునే వస్తాయి. లాంచీలో పాపికొండలు చూసినవాళ్లు తూర్పు కనుమలు తెగినచోటులోంచే వెళ్లారన్నమాట.

రెండో చోటు అమర్‌కంటక్ (22½, 82). మధ్యప్రదేశ్‌లో ఛత్తీస్‌గఢ్ హద్దు దగ్గర ఉంటుంది. అక్కడ పుట్టిన నర్మద వింధ్య, సాత్పురా కొండల మధ్య లోయలో పడమటికి వెళ్లి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. అక్కడే పుట్టిన సోన్ నది ఉత్తరానికి వెళ్లి గంగలో చేరుతుంది. అమర్‌కంటక్‌ను ఒక్కసారి సరిగ్గా పెడితే దేశం నడిమి భాగం దారికొస్తుంది. నర్మదకు కింద, సాత్పురాకు దక్షిణంగా తపతి. ఛత్తీస్‌గఢ్‌లో ధమ్‌తరి దగ్గర సిహావాలో మహానది.

గంగ సంగతి త్వరగా ముగించవచ్చు: గంగోత్రి, హరిద్వార్, కాన్పూర్, ప్రయాగ్‌రాజ్, వారణాసి, పట్నా. ఢిల్లీ, ఆగ్రా మీదుగా వచ్చే యమున ప్రయాగ్‌రాజ్‌లో కలుస్తుంది. చంబల్, బేత్వా నదులు మాళ్వా, వింధ్య వైపు నుంచి పైకి ఎక్కుతున్నట్టు కనిపించి చాలామందిని తికమక పెడతాయి. మ్యాపులో పైన ఉన్నది ఎత్తు ప్రదేశమని అనుకోవడం వల్ల వచ్చే గందరగోళం అది. వింధ్య నుంచి నేల ఉత్తరానికి వాలుతుంది కాబట్టి ఆ నదులు యమున వైపు పోతాయి. బ్రహ్మపుత్ర టిబెట్‌లో తూర్పుకు ప్రవహించి, అరుణాచల్‌లో కిందికి మలుపు తిరిగి, అస్సాంలో పడమటికి వస్తుంది. సింధు లద్దాఖ్‌లో లేహ్ దగ్గరగా పోతుంది.

4. వార్తల్లో గేట్లు ఎత్తినప్పుడల్లా మ్యాపు తీయండి

జూలై, ఆగస్టుల్లో మన టీవీలు, పేపర్లు ఉచితంగా భూగోళం చెబుతాయి. ‘ఆల్మట్టి గేట్లు ఎత్తారు’ అని వినగానే కృష్ణ మీది డ్యాముల వరుస రాయండి: ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. నారాయణపూర్ దాటాక జూరాలకు పైన భీమా కలుస్తుంది, అందుకే పుణె వైపు భారీ వానలు పడి భీమా మీది ఉజ్జని డ్యామ్ నిండితే జూరాలకు వరద వస్తుంది. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యామ్ నీరు సుంకేసుల, కర్నూలు మీదుగా శ్రీశైలానికి చేరుతుంది.

గోదావరిలో తరచుగా అడిగే ప్రశ్న: శ్రీరాంసాగర్‌కు పెద్దగా వరద లేకపోయినా భద్రాచలంలో ఎలా ముంచెత్తుతుంది? మీ మ్యాపు చూస్తే తెలుస్తుంది. శ్రీరాంసాగర్ దాటాక కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది. వార్ధా, వైనగంగ, పెనుగంగల నీళ్లన్నీ, అంటే విదర్భలో పడ్డ వానలో ఎక్కువ భాగం, అందులోనే వస్తుంది. ఆ తర్వాత బస్తర్ నుంచి ఇంద్రావతి. ఇవి రెండూ పొంగితే భద్రాచలంలో 43, 48, 53 అడుగుల హెచ్చరికలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కింద కూనవరం దగ్గర శబరి కూడా పోటెత్తితే గోదావరి నీరు త్వరగా దిగదు.

ఒక్క వానాకాలం ఇలా చేసినవాళ్లు ఉపనదుల పేర్లు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

5. ఇప్పుడు రాష్ట్రాలు

మీ రాష్ట్రం నుంచి బయటికి రండి. తెలంగాణకు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ హద్దులు. పోలవరం ముంపు మండలాలు 2014లో ఆంధ్రలో కలిశాక తెలంగాణకు ఒడిశాతో హద్దు లేదు. పాత నోట్స్‌లో ఉంటే కొట్టేయండి. ఆంధ్రకు తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, తమిళనాడు, కర్ణాటక. కాకినాడ పక్కన ఉన్న యానాం పుదుచ్చేరిలో భాగం. ఆ కేంద్రపాలిత ప్రాంతం నాలుగు ముక్కలుగా ఉంది: పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు తీరంలో, మాహే కేరళ తీరంలో, యానాం మన గోదావరి ఒడ్డున.

ఈశాన్యం అనగానే టెన్షన్ పడేవాళ్లకు ఒక దారి. ముందు బ్రహ్మపుత్ర వెంబడి అస్సాం గీయండి. దాని చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు అరుణాచల్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం, త్రిపుర, మేఘాలయ. ఆరూ అస్సాంను తాకుతాయి. తాకనిది సిక్కిం, అది పశ్చిమ బెంగాల్‌కు పైన నేపాల్, భూటాన్ మధ్య ఉంటుంది. ఈ ప్రాంతాన్ని మిగతా దేశంతో కలిపేది సిలిగురి దగ్గర సన్నని నేల, ఇరుకైన చోట 22 కిలోమీటర్లకు అటూ ఇటూ. దాన్ని వెడల్పుగా గీసేవాళ్లున్నారు, మొత్తం వదిలేసేవాళ్లూ ఉన్నారు.

కర్కట రేఖ (23½) గీసి, అది దాటే ఎనిమిది రాష్ట్రాలు రాయండి: గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, త్రిపుర, మిజోరం. గాంధీనగర్, భోపాల్, రాంచీ ఆ గీతకు కాస్త కిందే ఉంటాయి. మన గడియారాలకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మీర్జాపూర్ మీదుగా దిగి, కాకినాడకు దగ్గరలో సముద్రంలోకి వెళ్తుంది.

6. ప్రయాణంలో పెన్సిల్ పనిచేయించండి

ఆదిలాబాద్ ఎగువ నుంచి అనంతపురం వరకు 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తే ఐదు పెద్ద నదులు దాటుతారు: మహారాష్ట్ర హద్దులో పెనుగంగ, సోన్ అనే ఊరి దగ్గర గోదావరి, బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర, పామిడి దగ్గర పెన్నా. వంతెన రాగానే పేరు రాసుకోండి.

రైలులో అయితే విజయవాడ నుంచి హౌరా వైపు వెళ్లేది ఎంచుకోండి. రాజమండ్రిలో గోదావరి, ఆమదాలవలస దగ్గర నాగావళి, బరంపురం దాటాక పగలైతే కుడివైపు చిలికా సరస్సు, కటక్‌లో మహానది. ఢిల్లీ వైపు అయితే మంచిర్యాల దగ్గర గోదావరి, ఇటార్సీ దాటాక నర్మద, ధోల్‌పూర్ దగ్గర చంబల్. ఫోనులో ఆ దారి మ్యాపును ముందే ఆఫ్‌లైన్‌కు దించుకోండి. సిగ్నల్ లేకపోయినా కిటికీ పక్కన జీపీఎస్ పనిచేస్తుంది.

సరిచూసుకోవడం

వారానికోసారి మొదటి నుంచి, ఏమీ చూడకుండా గీయండి. తర్వాత అట్లాస్ తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దండి. పాత బొమ్మలు పారేయొద్దు, తేదీ వేసి దాచండి. ఒకే తప్పు మూడు వారాలు వస్తుంటే ఆ ఒక్క ముక్కనే పెద్దది చేసి గీయండి.

ఇవి ప్రత్యేకంగా చూడండి:

- ముంబై హైదరాబాద్‌కు సరిగ్గా పడమట పడిందా? అలా అయితే తప్పు. ముంబై 19లో, హైదరాబాద్ 17½లో ఉంటాయి.
- కోల్‌కతాను సముద్రపు ఒడ్డున పెట్టారా? అది హుగ్లీ నది మీద, లోపలికి ఉంటుంది.
- బెంగళూరు, భోపాల్, ఢిల్లీ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయా? ఉండాలి. హైదరాబాద్ దానికి ఒక డిగ్రీ తూర్పుగా ఉండాలి.
- అండమాన్‌ను చెన్నై పక్కన పెట్టారా? చెన్నై నుంచి అది వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, మయన్మార్‌కు దగ్గర. దేశానికి దక్షిణపు కొస కన్యాకుమారి కాదు, గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్. మీ గళ్లలో పట్టదు కాబట్టి కింద ఒక వరుస కలపండి.
- దిక్కు పరీక్ష: ఇంట్లో నిలబడి నాగపూర్ ఎటో చేత్తో చూపించి, ఫోన్ కంపాస్‌తో సరిచూడండి. గది మారినా చూపించగలగాలి.

అంకెల దగ్గర ఒక మాట. పాత పుస్తకాల్లో తీరరేఖ పొడవు 7,516 కి.మీ. అని ఉంటుంది. ఇప్పుడు మరింత సూక్ష్మంగా కొలిచి 11,098 కి.మీ. అని సవరించారు. పరీక్షకు వెళ్లేవాళ్లు రెండూ తెలుసుకుని, ప్రశ్నలో ఏ లెక్క అడిగారో చూసి రాయండి.

సమయం తక్కువైతే, పిల్లలు చిన్నవాళ్లైతే

పరీక్షకు నెలే ఉంటే గళ్ల పని వదిలేసి, అవుట్‌లైన్ మ్యాపుల మీద మూడో మెట్టు, ఐదో మెట్టు చేయండి. మొదటి వారం నదులు తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దు.

పదేళ్ల లోపు పిల్లలకు అక్షాంశాలు వద్దు. నేల మీద సుద్దముక్కతో పెద్ద మ్యాపు గీసి, అమ్మమ్మ వాళ్ల ఊరు, బాబాయ్ ఉద్యోగం చేసే ఊరు, తిరుపతి ఎక్కడో నిలబడమనండి. కృష్ణ పొడవునా నడవమనండి. బయటి దేశాల్లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో తాతయ్య చేత తమ ఊరి వాగు పేరు చెప్పించి, అది ఎక్కడ కలుస్తుందో పిల్లల చేత వెతికించండి. రాష్ట్రాల రాజధానులు ఆ తర్వాతి సెలవుల్లో నేర్పవచ్చు.